ఆఫ్రికా ఒక్కటి కావాలన్నవాళ్లు ఒకరితో ఒకరు ఎందుకు తగువులాడారు?

2023 సెప్టెంబరు 9న ఢిల్లీలో జీ20 శిఖరాగ్ర సమావేశం మొదలైన కాసేపటికే బల్ల చుట్టూ ఒక కొత్త సభ్యుడికి చోటు ఇచ్చారు. ఆఫ్రికా యూనియన్ తరఫున కొమొరోస్ అధ్యక్షుడు అజాలి అసూమానీ వచ్చి కూర్చున్నారు. 55 దేశాలకు కలిపి ఒక కుర్చీ. 2025 జనవరి 19న అమెరికా అధ్యక్షుడు జో బైడెన్ పదవి దిగిపోయే ముందు రోజు మార్కస్ గార్వీ అనే జమైకా మనిషికి క్షమాభిక్ష ప్రకటించారు. గార్వీ చనిపోయింది 1940లో. అదే నెల 29న మాలి, బుర్కినా ఫాసో, నైజర్ దేశాలు పశ్చిమాఫ్రికా కూటమి ఎకోవాస్ నుంచి బయటికి వచ్చేశాయి. బుర్కినా ఫాసో సైనిక పాలకుడు ఇబ్రహీం ట్రావోరే ఆఫ్రికాను ఏకం చేసేస్తున్నాడంటూ యూట్యూబ్‌లో కుప్పలుగా వీడియోలు వచ్చాయి. వాటిలో ఏఐతో కల్పించినవీ ఉన్నాయి.

ఈ మూడు వార్తల వెనక ఉన్నది ఒకే ఆలోచన: పాన్ ఆఫ్రికనిజం. అఖిల ఆఫ్రికావాదం అనుకోవచ్చు. ఆఫ్రికాలో ఉన్నా, ఖండం దాటి వెళ్లినా ఆఫ్రికా మూలాలున్నవాళ్లంతా ఒక్కటే, కలిసి నిలవాలన్నది దాని సారం. దాని పేరు వినగానే ఒకే జెండా కింద నడిచిన గొప్పవాళ్ల వరస మనసులో మెదులుతుంది. నిజానికి ఆ గొప్పవాళ్లు ఒకరినొకరు తీవ్రంగా విమర్శించుకున్నారు. ఆ తగువులను పక్కన పెడితే ఈ ఆలోచన అర్థం కాదు. అందుకే వాటి దగ్గర నుంచే మొదలుపెడదాం.

ఊరు తెలియనివాళ్లకు పుట్టిన ఆలోచన

ముందు ఒక మాట తేల్చుకోవాలి. డయాస్పొరా అంటే పుట్టిన నేల నుంచి చెదిరిపోయి వేరే చోట్ల బతుకుతున్న జనం. అమెరికాలోని తెలుగువాళ్లను కూడా అలాగే పిలుస్తాం. కానీ డాలస్‌లో ఉన్న తెలుగు మనిషికి తన ఊరు ఏదో తెలుసు, ఇంటిపేరు తెలుసు, సెలవు దొరికితే వెళ్లి చూసి రావచ్చు. అట్లాంటిక్ దాటించిన బానిసల వారసులకు అది లేదు. 16వ శతాబ్దం నుంచి 19వ శతాబ్దం దాకా దాదాపు కోటీ 25 లక్షల మందిని ఓడలెక్కించారని చరిత్రకారుల అంచనా. అవతలి ఒడ్డున ప్రాణాలతో దిగినవాళ్లు కోటీ 7 లక్షల మంది. దిగినవాళ్లకు యజమానులు కొత్త పేర్లు పెట్టారు. చాలామందికి యజమాని ఇంటిపేరే ఇంటిపేరు అయింది. రెండు మూడు తరాలు గడిచేసరికి ఏ ఊరు, ఏ భాష, ఏ తెగ అన్నది పూర్తిగా చెరిగిపోయింది.

ఏ ఊరో తెలియనివాళ్లకు ఖండమంతా తమ ఊరే అవుతుంది. ఇక్కడే అసలు కీలకం ఉందని నా నమ్మకం. అదే సమయంలో ఖండంలో ఉన్నవాళ్లు తమను తాము అషాంతీలుగా, యొరూబాలుగా, కికుయులుగా, ఫలానా ఊరివాళ్లుగానే చెప్పుకునేవారు. 'మేమంతా ఆఫ్రికన్లం' అనే మాట ముందుగా గట్టిగా పలికింది ఆఫ్రికాకు దూరమైనవాళ్లు.

అందుకే 1900 జులైలో మొదటి పాన్ ఆఫ్రికా సమావేశం జరిగింది లండన్‌లో. ఏర్పాటు చేసింది ట్రినిడాడ్‌కు చెందిన న్యాయవాది హెన్రీ సిల్వెస్టర్ విలియమ్స్. వచ్చినవాళ్లలో ఎక్కువమంది కరీబియన్ దీవులవాళ్లు, అమెరికావాళ్లు. దక్షిణాఫ్రికాలో నల్లవాళ్లను చూస్తున్న తీరు గురించి విక్టోరియా రాణికి మర్యాదగా ఒక విజ్ఞాపన పంపారు. ఇరవయ్యో శతాబ్దపు సమస్య మనుషులను రంగు బట్టి విడదీసే గీతేనని అక్కడ ఒక యువ ప్రొఫెసర్ ప్రకటించారు. ఆయన డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్.

గార్వీ ఓడలు, డుబోయిస్ కోపం

డుబోయిస్ 1868లో మసాచుసెట్స్‌లో పుట్టారు. హార్వర్డ్‌లో పీహెచ్‌డీ పొందిన మొదటి ఆఫ్రికన్ అమెరికన్. 1909లో పుట్టిన పౌరహక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ వ్యవస్థాపకుల్లో ఒకరు, దాని పత్రిక 'ద క్రైసిస్'కు సంపాదకుడు. కోర్టులు, చట్టాలు, చదువు ద్వారా అమెరికాలోనే సమానత్వం సాధించాలన్నది ఆయన దారి. 1919లో పారిస్‌లో పాన్ ఆఫ్రికా కాంగ్రెస్ నడిపారు. దానికి వచ్చింది 57 మంది ప్రతినిధులు.

గార్వీ 1887లో జమైకాలో తాపీ మేస్త్రీ ఇంట పుట్టాడు. ప్రెస్సులో పని నేర్చుకున్నాడు. 1914లో కింగ్‌స్టన్‌లో నల్లజాతి అభ్యున్నతి కోసం యూఎన్‌ఐఏ అనే సంఘం పెట్టి, 1916లో అమెరికా చేరాడు. 1920లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో వేలాదిమంది ముందు ఎరుపు, నలుపు, ఆకుపచ్చ జెండా ఎగిరింది. ఆయనను 'ఆఫ్రికా తాత్కాలిక అధ్యక్షుడు'గా ప్రకటించారు. ఆఫ్రికాలో ఆయన అడుగు పెట్టిందే లేదు, చనిపోయేదాకా పెట్టలేదు కూడా. ఇంటిపనులు, కూలిపనులు చేసుకునే లక్షలమందికి ఆయన మాట వింటే వెన్ను నిటారుగా నిలిచింది. ఆ సంగతిని తక్కువ చేసి చెప్పకూడదు.

తగువు ఎక్కడ మొదలైందో తెలియాలంటే ఓడల లెక్క చూడాలి. 1919లో గార్వీ 'బ్లాక్ స్టార్ లైన్' అనే ఓడల కంపెనీ పెట్టాడు. షేరు ధర 5 డాలర్లు, నల్లవాళ్లకే అమ్మేవారు. అట్లాంటిక్ చుట్టూ ఉన్న నల్లజాతి ప్రజల మధ్య సొంత వ్యాపారం నడవాలన్నది ఆశయం. మొదట కొన్న ఓడ 'యార్మౌత్' ధర 1,65,000 డాలర్లు. అంటే ఆ ఒక్క ఓడకే 33,000 షేర్లు అమ్ముడుపోవాలి. ఆ ఓడ తయారైంది 1887లో, గార్వీ పుట్టిన ఏడే. అంత ధర పలకాల్సిన ఓడ కాదది. కొనుగోలులో సలహా ఇచ్చిన కెప్టెన్ చాటుగా కమీషన్ కూడా తీసుకున్నాడు. ఓడ రేవుకు వస్తే క్యూబాలో, పనామాలో జనం ఎగబడి చూశారు. కానీ మరమ్మతు ఖర్చులు తడిసి మోపెడయ్యాయి. ఊరేగింపుల కోసం రేవు రేవులో ఆగడంతో కొబ్బరికాయల సరుకు ఓడలోనే కుళ్లిపోయింది. 1922 ఏప్రిల్‌లో కంపెనీ మూతపడింది. రోజు కూలీలు దాచుకున్న డబ్బు పోయింది.

డుబోయిస్ మొదట్లో గార్వీని నిజాయితీపరుడని, కష్టజీవి అని ఒప్పుకుంటూనే వ్యాపారం తెలియదని రాశారు. 1922 జూన్‌లో గార్వీ అట్లాంటా వెళ్లి కూ క్లక్స్ క్లాన్ నాయకుడిని కలిశాడు. నల్లవాళ్లను చంపిన చరిత్ర ఆ ముఠాది. తెల్లవాళ్లు అమెరికా తమదే అనుకుంటున్నారు, మనం ఆఫ్రికా మనది అనుకుందాం, కనీసం క్లాన్ మనసులో మాట దాచదు అన్నది గార్వీ వాదన. ఇది విని అమెరికా నల్లజాతి నాయకుల్లో చాలామంది మండిపడ్డారు. అమెరికాలోనూ ప్రపంచంలోనూ నల్లజాతికి ఇంతటి ప్రమాదకరమైన శత్రువు లేడని 1924లో డుబోయిస్ రాశారు. గార్వీ అంతకంటే ఘాటుగా, డుబోయిస్ మిశ్రమ రక్తాన్ని ఎత్తిచూపి తిట్టాడు.

పైకి ఇద్దరు పెద్దమనుషుల అహం గొడవలా కనిపిస్తుంది. లోపల ఉన్న ప్రశ్న మాత్రం నిజమైనది. అమెరికాలో నల్లవాళ్లకు న్యాయం ఎప్పటికైనా దొరుకుతుందా? దొరుకుతుందనుకుంటే డుబోయిస్ దారి, దొరకదనుకుంటే గార్వీ దారి. చిత్రమేమిటంటే, చివరికి ఆఫ్రికా వెళ్లి అక్కడి మట్టిలో కలిసింది డుబోయిస్. 1961లో ఘనా చేరి, అక్కడి పౌరసత్వం తీసుకుని, 1963 ఆగస్టు 27న అక్రాలో కన్నుమూశారు. మర్నాడే వాషింగ్టన్‌లో పౌరహక్కుల మహా ప్రదర్శన జరిగింది.

ఇక్కడ మనకు దగ్గరి ముచ్చట ఒకటి చెప్పాలి. 1946లో బి.ఆర్. అంబేడ్కర్ డుబోయిస్‌కు ఉత్తరం రాశారు. భారతదేశంలో అంటరానివారి స్థితికీ అమెరికాలో నీగ్రోల స్థితికీ చాలా పోలిక ఉందని, ఐక్యరాజ్యసమితికి వాళ్లు పంపిన విజ్ఞాపన ప్రతులు కావాలని అడిగారు. డుబోయిస్ సానుభూతితో జవాబిచ్చారు. 'నీగ్రో' అప్పట్లో వాళ్లు తమకు తామే వాడుకున్న మాట. ఇప్పుడు దాన్ని అవమానంగా భావిస్తారు.

క్షమాభిక్ష వేరు, నిర్దోషి అనడం వేరు

గార్వీ మీద కేసు ఏమిటి? ఇంకా కొనని ఓడ ఫొటోను కంపెనీదన్నట్టు ప్రచార కాగితాల్లో వేసి, షేర్లు అమ్మడానికి పోస్టులో పంపారన్నది ఆరోపణ. చివరికి ఒక్క అభియోగం మీద, ప్రధానంగా ఒక ఖాళీ కవరు సాక్ష్యంగా, 1923లో ఆయనకు అయిదేళ్ల జైలు శిక్ష పడింది. కవరు అందుకున్న మనిషికి అందులో ఏం వచ్చిందో గుర్తులేదు. మిగతా ముగ్గురు నిందితులు బయటపడ్డారు. తర్వాత ఎఫ్‌బీఐని ఏలిన జె. ఎడ్గార్ హూవర్ అప్పటికే గార్వీని ఎలాగైనా దేశం నుంచి పంపించాలని దారులు వెతుకుతున్నాడు. 1927లో అధ్యక్షుడు కూలిడ్జ్ శిక్ష తగ్గించగానే ఆయనను జమైకాకు పంపేశారు.

2025లో వచ్చింది క్షమాభిక్ష. తీర్పు తప్పని అది చెప్పదు, శిక్షను మన్నిస్తుంది అంతే. గార్వీ కుటుంబం, మద్దతుదారులు ఏళ్లుగా కోరింది ఆయనను నిర్దోషిగా ప్రకటించాలని. నా ఉద్దేశంలో రెండు విషయాలను కలిపేయకూడదు. కంపెనీ నిర్వహణ దారుణంగా ఉన్న మాట నిజం. ఆ వంకతో ఒక ఉద్యమాన్ని తుంచేయడానికి కేసును వాడుకున్న మాటా నిజం.

పగ్గాలు ఖండం చేతికి వచ్చిన చోటు

1945 అక్టోబరులో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో అయిదో పాన్ ఆఫ్రికా కాంగ్రెస్ జరిగింది. 77 ఏళ్ల డుబోయిస్ వచ్చారు. గార్వీ మొదటి భార్య ఏమీ యాష్‌వుడ్ తొలి సమావేశానికి అధ్యక్షత వహించారు. పాత శత్రుత్వం ఆ హాల్లో కరిగిపోయినట్టే. కానీ ఆ సమావేశాన్ని నడిపించింది ట్రినిడాడ్‌కు చెందిన జార్జ్ పాడ్‌మోర్, పశ్చిమాఫ్రికాలోని బ్రిటిష్ వలస గోల్డ్ కోస్ట్‌కు చెందిన యువకుడు క్వామే ఎన్‌క్రుమా. కెన్యా నుంచి జోమో కెన్యాట్టా ఉన్నాడు. ఈసారి విన్నపాలు లేవు, స్వాతంత్ర్యం కావాలన్న డిమాండ్ ఉంది. పన్నెండేళ్లు తిరక్కుండానే, 1957 మార్చి 6న, గోల్డ్ కోస్ట్ ఎన్‌క్రుమా నాయకత్వంలో స్వతంత్ర ఘనాగా మారింది.

గార్వీ రచనలను ఆయన రెండో భార్య ఏమీ జాక్వెస్ సంకలనం చేశారు. అమెరికాలో చదువుకునే రోజుల్లో తనను అన్నిటికంటే కదిలించింది ఆ పుస్తకమేనని ఎన్‌క్రుమా తర్వాత రాశారు. ఘనా జెండా మధ్యలో ఉన్న నల్ల నక్షత్రం, ఆ దేశ ఫుట్‌బాల్ జట్టు పేరు 'బ్లాక్ స్టార్స్', రెండూ గార్వీ ఓడలను గుర్తుచేసేవే.

అయితే గార్వీ ఆఫ్రికా జాతిని బట్టి, రంగును బట్టి ఏర్పడింది. ఎన్‌క్రుమా ఆఫ్రికాలో అరబ్బు ఈజిప్టు, మొరాకో కూడా ఉన్నాయి. ఊహలో ఉన్న ఆఫ్రికా మ్యాపు మీదికి వచ్చేసరికి నిర్వచనమే మారిపోయింది.

ఒక్క దూకా, మెట్టు మెట్టుగానా?

1963 మే 25న అడిస్ అబాబాలో 32 దేశాలతో ఆఫ్రికా ఐక్యతా సంస్థ పుట్టింది. ఉమ్మడి సైన్యం, ఉమ్మడి విదేశాంగ విధానం, ఒకే కరెన్సీ, ఒకే మార్కెట్ వెంటనే కావాలని ఎన్‌క్రుమా పట్టుబట్టారు. ఆలస్యం చేస్తే ప్రతి దేశంలో మంత్రులు, రాయబారులు, సైన్యాధికారులు తమ తమ కుర్చీలకు అతుక్కుపోతారని ఆయన భయం.

టాంగాన్యికా (నేటి టాంజానియాలో ప్రధాన భాగం) నాయకుడు జూలియస్ నైరేరే ఐక్యతకు వ్యతిరేకి కాడు. తూర్పు ఆఫ్రికా సమాఖ్య కుదిరేట్టయితే తన దేశ స్వాతంత్ర్యాన్ని కొంత వాయిదా వేసుకోవడానికైనా సిద్ధమని 1960లో అన్న మనిషి. ముందు ఇరుగుపొరుగు కలవాలి, తర్వాత ఖండం అన్నది ఆయన లెక్క. చిన్న చిన్న సమాఖ్యలు ఏర్పడితే అసలు పెద్దది ఎప్పటికీ రాదని ఎన్‌క్రుమా అడ్డుచెప్పారు. 1964లో ఐక్యతా సంస్థ కైరో సభలో నైరేరే అందరి ముందూ దీనికి గట్టిగా బదులిచ్చారు.

ఎవరి మాట సరైంది? కోకో సంగతి తీసుకుని చూద్దాం. ప్రపంచంలో సగానికి పైగా కోకో పండేది పక్కపక్కనే ఉన్న ఘనా, ఐవరీ కోస్ట్ దేశాల్లో. ఒక దేశం ధర పెంచితే కొనేవాడు పక్క దేశానికి పోతాడు. విడివిడిగా బేరం ఆడితే చిన్న దేశాలు ఓడిపోతాయన్న ఎన్‌క్రుమా వాదన ఇదే. 2019లో రెండు దేశాలు కలిసి టన్నుకు 400 డాలర్లు అదనంగా ఇవ్వాలని ప్రకటించాయి. అర టన్ను పండించే రైతు లెక్కన అది 200 డాలర్లు. కానీ కంపెనీలు నాణ్యతకు ఇచ్చే ఇతర ప్రీమియంలను కోసేసి, ఆ పెంపులో చాలా భాగాన్ని వెనక్కి లాక్కున్నాయి. పైగా రెండు ప్రభుత్వాలు రైతుకు ఇచ్చే ధర వేర్వేరుగా ఉంటే, ఎక్కువ ఇచ్చే వైపుకు బస్తాలు దొంగచాటుగా సరిహద్దు దాటుతాయి. కలవక తప్పదన్నది ఎన్‌క్రుమాకు సాక్ష్యం. ఇద్దరు కలవడమే ఇంత కష్టమైతే యాభైమంది ఎలా కలుస్తారన్నది నైరేరేకు సాక్ష్యం.

ఎన్‌క్రుమాను మరో కోణంలో కూడా చూడక తప్పదు. 1958లోనే విచారణ లేకుండా అయిదేళ్లు జైల్లో పెట్టే చట్టం తెచ్చారు. ఒకప్పుడు తనను స్వదేశానికి పిలిపించిన పార్టీ నాయకుడు జె.బి. డాన్‌క్వా 1965లో ఆ నిర్బంధంలోనే చనిపోయాడు. 1966 ఫిబ్రవరిలో విదేశీ ప్రయాణంలో ఉండగా సైన్యం ఎన్‌క్రుమాను దించేసింది. నైరేరే కూడా ఏకపార్టీ పాలనే నడిపారు. 1970లలో లక్షలమంది రైతులను బలవంతంగా కొత్త గ్రామాలకు తరలించారు. ఆశయం గొప్పదన్న కారణంతో వీటిని వదిలేయలేం.

గీతలు చెరపాలా, కాపాడాలా?

ఆఫ్రికా సరిహద్దుల్లో చాలా భాగం 1884-85 బెర్లిన్ సమావేశం తర్వాత ఐరోపా దేశాలు గీసుకున్నవి. ఎవె అనే జనం ఘనాలోనూ టోగోలోనూ ఉన్నారు. టోగో రాజధాని లోమే ఘనా సరిహద్దును ఆనుకునే ఉంటుంది. టోగో ఘనాలో కలవాలని ఎన్‌క్రుమా కోరితే, ఇది ఐక్యతా, ఆక్రమణా అని టోగో నాయకుడు సిల్వానస్ ఒలింపియో అనుమానించాడు. పెద్ద దేశం నోటి నుంచి వచ్చిన 'కలుద్దాం' అనే మాట చిన్న దేశం చెవికి ఇంకోలా వినిపిస్తుంది.

1964 కైరో సభ స్వాతంత్ర్యం నాటి సరిహద్దులనే గౌరవించాలని తీర్మానించింది. ప్రతిపాదించింది నైరేరే. సొమాలియా, మొరాకో ఒప్పుకోలేదు. ఒక్క గీత కదిపితే యుద్ధాలే అన్నది తీర్మానం వెనక భయం. 1977లో ఒగాడెన్ ప్రాంతం కోసం సొమాలియా, ఇథియోపియా యుద్ధానికి దిగినప్పుడు ఆ భయం నిజమైంది.

అదే నైరేరే నాలుగేళ్లకే, 1968 ఏప్రిల్‌లో, నైజీరియా నుంచి విడిపోయిన బయాఫ్రాను దేశంగా గుర్తించారు. ఐక్యతావాదులు చాలామంది విస్తుపోయారు. రాజ్యం ఉన్నది ప్రజల కోసం, తమ ప్రాణాలకే రక్షణ లేదని నమ్మిన ప్రజలను అందులో బలవంతంగా ఉంచలేం అన్నది ఆయన సమాధానం. మాట తప్పాడని కొందరు, మనిషిగా నిలబడ్డాడని కొందరు అన్నారు. ఆయన జీవితంలో నన్ను బాగా ఆలోచింపజేసే ఘట్టం ఇదే.

గళ్ల సంచీ, తిరిగొచ్చిన బంధువులు

ఐక్యతా సంస్థ 2002లో ఆఫ్రికా యూనియన్ అయింది. ఖండంలోని అయిదు ప్రాంతాలకు తోడు డయాస్పొరాను ఆరో ప్రాంతంగా గుర్తించింది. 2021 జనవరి 1న ఖండమంతటి స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కింద వ్యాపారం మొదలైంది. నిదానంగా సాగుతున్న ఈ దారి నైరేరేది. ట్రావోరే లాంటివాళ్లు వాడుతున్న భాష ఎన్‌క్రుమాది. అయితే మాలి, బుర్కినా ఫాసో, నైజర్ సైనిక ప్రభుత్వాలు కొత్త ఐక్యత పేరుతో చేసిన పని, ఉన్న కూటమి ఎకోవాస్ నుంచి విడిపోవడం. దాన్ని విముక్తి అనేవాళ్లూ ఉన్నారు, ఎన్నికలు తప్పించుకునే ఎత్తు అనేవాళ్లూ ఉన్నారు.

సామాన్యుడి అనుభవం వీటికి దూరంగా ఉంది. 1969లో ఘనా ప్రభుత్వం కాగితాలు లేని విదేశీయులు రెండు వారాల్లో వెళ్లిపోవాలంది. వెళ్లినవాళ్లలో నైజీరియన్లు ఎక్కువ. 1983లో నైజీరియా అదే పని చేసింది. పది లక్షలకు పైగా ఘనా మనుషులు సామాన్లు సర్దుకుని రోడ్డెక్కారు. మన బస్టాండుల్లో కనిపించే గళ్ల ప్లాస్టిక్ సంచీ లాంటిదాన్ని పశ్చిమాఫ్రికాలో ఇప్పటికీ 'ఘనా మస్ట్ గో' (ఘనావాళ్లు వెళ్లిపోవాలి) అంటారు.

ఇక సముద్రం అవతలి బంధువుల సంగతి. అమెరికా నుంచి తిరిగివచ్చినవాళ్లు 1822 నుంచి స్థిరపడి కట్టుకున్న దేశం లైబీరియా. వాళ్ల వారసులు 1980 సైనిక తిరుగుబాటు దాకా స్థానిక తెగల మీద పెత్తనం చేశారు. 2019ని 'తిరిగి రండి' సంవత్సరంగా జరిపిన ఘనా, 2024 నవంబరులో 524 మంది డయాస్పొరా జనానికి ఒకేసారి పౌరసత్వం ఇచ్చింది. ఆ రోజు కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్ల ఆనందాన్ని ఎవరు కాదనగలరు? నాలుగు వందల ఏళ్ల తర్వాత దొరికిన గూడు అది. తీరప్రాంతంలోని అసెబులో తిరిగివచ్చేవాళ్ల ఇళ్ల కోసం సంప్రదాయ అధిపతి 5,000 ఎకరాలు కేటాయించాడు. ఆ నేలలో సాగు చేసుకుంటున్న రైతులు తమ పొలాలు పోయాయని అభ్యంతరం చెప్పారు. వచ్చినవాళ్లకు అది ఆఫ్రికా, అక్కడున్నవాళ్లకు మాత్రం ఫలానా వాగు పక్కన తాతలనాటి చేను.